జారుడుబండకు రెండు కాపలాలు



అడవి మధ్యలో ఒక వాగు. వాగుకు అడ్డంగా, ఏటవాలుగా ఒక పెద్ద బండ. నీళ్ళు ఆ బండ మీద పలచగా పరుచుకుని, కిందికి జారి, అడుగున మడుగు కడతాయి. ఆ బండ మీద కూర్చుంటే నీళ్ళతో పాటు మనమూ జారిపోయి మడుగులో మునిగి లేస్తాం. ఎవరూ కట్టని జారుడుబండ అది. ఇలాంటి చోటు మన అరకు వైపు చాపరాయి దగ్గర ఉంది. అమెరికాలో నార్త్ కరోలినా కొండల్లో ఇంకొకటి ఉంది, దాన్ని స్లైడింగ్ రాక్ అంటారు. రెండు చోట్లా నీళ్ళలో దిగే భాగ్యం నాకు కలిగింది. ఈ పూట ఆ రెండింటి గురించీ, ఆ రెండు అడవులనూ కలిపే ఒక పాత చరిత్ర గురించీ మాట్లాడతాను.

ముందుగా నా మాట చెప్పేస్తాను. జారుడుబండ దగ్గర పిల్లలు నవ్వుతూ తడవాలంటే రెండు కాపలాలు ఉండాలి. బండకు ఎగువన ఉన్న అడవికి ఒక కాపలా. దిగువన మడుగులో దిగే మనిషికి ఒక కాపలా. మొదటిది లేకపోతే నీళ్ళు మిగలవు. రెండోది లేకపోతే ప్రాణాలు మిగలవు.

స్లైడింగ్ రాక్ సంగతి చూద్దాం. మా అమ్మాయి వాళ్ళు షార్లెట్‌లో ఉంటారు. అక్కడి నుంచి పడమరగా రెండున్నర, మూడు గంటలు కారులో వెళితే బ్రెవార్డ్ అనే చిన్న ఊరు వస్తుంది. అది ట్రాన్సిల్వేనియా కౌంటీలో ఉంది. ఆ ఒక్క కౌంటీలోనే చిన్నా పెద్దా కలిపి 250 జలపాతాలు ఉన్నాయని చెబుతారు. ఊరు దాటి 276 నంబరు రోడ్డెక్కగానే పిస్గా జాతీయ అటవీప్రాంతం మొదలవుతుంది. కొంతదూరం డేవిడ్సన్ నది పక్కన, ఆ తర్వాత ఆ నదిలో కలిసే లుకింగ్ గ్లాస్ వాగు పక్కన రోడ్డు సాగుతుంది. కారు అద్దాలు దించితే చాలు, నీళ్ళ చప్పుడు మన వెంటే వస్తుంది. 60 అడుగుల ఎత్తు నుంచి దూకే లుకింగ్ గ్లాస్ జలపాతం రోడ్డు మీదికే కనిపిస్తుంది. దాన్ని దాటి ఇంకో రెండు మైళ్ళు ఎగువకు పోతే, అదే వాగు మీద మన జారుడుబండ.

వేసవిలో అక్కడ జనం బాగా ఉంటారు. టికెట్టు కొని, బట్టలు మార్చుకునే గదులు దాటి నడిస్తే, బండకు ఎదురుగా కట్టిన చెక్క వేదికలు వస్తాయి. జారనివాళ్ళు అక్కడ నిలబడి చూస్తూ ఉంటారు. నేనూ ముందు అక్కడే నిలబడ్డాను. చుట్టూ ఇంగ్లీషు, స్పానిష్ మాటలు. ఇంతలో నా పక్క నుంచి ఒక తండ్రి గట్టిగా అరిచాడు: "కాళ్ళు ముందుకు చాపు నాన్నా! చేతులు దగ్గర పెట్టుకో!" కరోలినాల్లో, జార్జియాలో ఉంటున్న మనవాళ్ళు వేసవి సెలవుల్లో పిల్లలను తీసుకుని ఈ కొండలకు వస్తూ ఉంటారు. సముద్రాలు దాటి వచ్చి, అడవిలో, నీళ్ళ హోరులో తెలుగు మాట వినపడితే మనసుకు ఎంత హాయిగా ఉంటుందో!

ఆ బండ పొడవు దాదాపు 60 అడుగులు. దాని మీదుగా నిమిషానికి 11,000 గ్యాలన్ల నీళ్ళు పోతాయని అమెరికా అటవీ సేవా సంస్థ లెక్క. అంటే 40 వేల లీటర్ల పైమాటే. ఎండాకాలం మన వీధుల్లోకి వచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఎనిమిదింటిని ఒక్క నిమిషంలో ఆ బండ మీద కుమ్మరించినట్టన్నమాట. అడుగున మడుగు 6 నుంచి 8 అడుగుల లోతు. అంటే మనిషికి నిలువులోతు దాటుతుంది. నీళ్ళు నడివేసవిలో కూడా 10 నుంచి 15 డిగ్రీల సెల్సియస్ మధ్యనే ఉంటాయి.

"అమ్మమ్మా, నువ్వూ రా" అంది నా మనవరాలు. వెళ్ళాను. బండ పక్కనే మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ ఉన్నాయి. పైకెక్కి నీళ్ళలో అడుగు పెట్టగానే పిక్కలు కొంకర్లు పోయాయి. వరసలో నా వంతు వచ్చాక కూర్చున్నాను. రెండు అరచేతులతో బండను వెనక్కి నెట్టాను. ఆ తర్వాత నా చేతుల్లో ఏమీ లేదు. నీళ్ళే తీసుకుపోయాయి. దూరం నుంచి చూస్తే బండ నున్నగా ఉన్నట్టుంది గానీ, జారుతుంటే దాని ప్రతి మిట్టా ప్రతి పల్లమూ నడుముకు తెలుస్తుంది. పైన ఆకుల మధ్య ఆకాశం ముక్కలు ముక్కలుగా వెనక్కి పరిగెత్తింది. అంతలో కాళ్ళ కింద బండ అయిపోయింది. మడుగు నన్ను మింగింది. ఒక్కసారిగా చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి. పైకి తేలేసరికి ఊపిరి అందక నోరు తెరుచుకున్నాను. ఒడ్డున నిలబడ్డ కాపలా యువతి అప్పటికే నన్ను చూస్తోంది. చెయ్యి చాపి, ఎటు ఈదాలో చూపించింది. నాలుగు బారలు వేసి గట్టెక్కాను. నా వయసులో ఇంత సంబరం ఇంకా దొరుకుతుందని నేను అనుకోలేదు.

ఆ ఊపిరి అందకపోవడం గురించి అందరూ తెలుసుకోవాలి. చన్నీళ్ళు ఒక్కసారిగా ఒంటికి తగిలితే, మన ప్రమేయం లేకుండానే గుండెలనిండా ఊపిరి లాగుతాం. తర్వాత ఒకటి రెండు నిమిషాలు రొప్పుతాం. ఆ మొదటి ఊపిరి తల నీళ్ళలో ఉన్నప్పుడు లాగితే, లోపలికి పోయేది నీళ్ళే. బాగా ఈత వచ్చినవాళ్ళు కూడా ఇలాగే ప్రమాదంలో పడతారు. అందుకే చన్నీళ్ళలోకి ఒక్కసారిగా దూకకుండా, ముందు కాళ్ళూ చేతులూ తడుపుకుని, ముఖం మీద నీళ్ళు చల్లుకుని, ఒంటికి అలవాటు చేసి దిగాలి. మన పెద్దవాళ్ళు చెరువులో, నదిలో దిగేముందు నీళ్ళు దోసిట్లో తీసుకుని నెత్తిన చల్లుకునేవాళ్ళు. ఆ అలవాటు ఒంటికి కూడా మేలు చేస్తుంది.

మరి ఆ రాయి ఎందుకు అంతగా జారుతుంది? వాగు ఒట్టి నీళ్ళనే మోసుకురాదు. ఇసక రేణువులను, చిన్న గులకరాళ్ళను కూడా తెస్తుంది. వేల ఏళ్ళుగా అవి రాతిని అరగదీస్తూనే ఉన్నాయి. ఆ అరిగిన రాతి మీద కంటికి కనపడీ కనపడకుండా సన్నని నాచు పొర పెరుగుతుంది. దాన్నే మనం పాకుడు అంటాం. అరిగిన రాయి, దాని మీద పాకుడు, ఆపైన పారే నీరు, ఈ మూడూ కలిస్తే కాలికి పట్టు దొరకదు. కూర్చున్నవాడికి ఇదే ఆట. నిలబడ్డవాడికి ఇదే గండం. కూర్చుని జారితే దెబ్బ తగిలే అవకాశం తక్కువ. నిలబడి పట్టు తప్పితే తల నేరుగా రాతికి కొట్టుకుంటుంది. మడుగుల దగ్గర జరిగే చాలా ప్రమాదాలు ఈతతో మొదలు కావు, కాలు జారడంతో మొదలవుతాయి.

మడుగు పుట్టుక కూడా చెప్పాలి. ఎత్తు నుంచి పడే నీటికి తవ్వే బలం ఉంటుంది. అది పడినచోట రాతిని తొలుస్తుంది. సుడిలో చిక్కుకున్న గుండ్రాళ్ళు గిరగిరా తిరుగుతూ ఒకేచోట రాతిని నూరి గుంటలు చేస్తాయి. అందుకే మడుగు అడుగు సమంగా ఉండదు. మోకాలి లోతు నుంచి ఒక్క అడుగు పక్కకు వేస్తే పీకల్లోతు తగలవచ్చు. పైగా ప్రతి వరదకూ అడుగు మారుతుంది. ఇసక మేట వేస్తుంది, బండరాళ్ళు దొర్లి వస్తాయి, కూలిన చెట్లు నీళ్ళలో అడ్డం పడతాయి. పోయినేడు క్షేమంగా దూకినచోట ఈ ఏడు దూకవచ్చన్న నమ్మకం లేదు. నీళ్ళు పడేచోట తెల్లగా నురగ కనిపిస్తుందే, అక్కడ నీటిలో గాలి కలిసి ఉంటుంది. ఆ నీరు మనిషిని సరిగా తేల్చదు. పైగా అక్కడి ప్రవాహం మనిషిని తిరిగి ధార కిందికే లాగుతుంది. చూడ్డానికి అందంగా ఉండే ఆ తెలుపుకే దూరంగా ఉండాలి.

స్లైడింగ్ రాక్ దగ్గర ఇవన్నీ తెలిసినవాళ్ళు కాపలా ఉంటారు. మే నెలాఖరు నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా, పగటిపూట శిక్షణ పొందిన రక్షకులు బండ దగ్గర నిలబడతారు. ఒకరు మడుగు దాటి ఒడ్డుకు చేరాకే ఇంకొకరిని వదులుతారు. తల ముందు పెట్టి జారనివ్వరు. మద్యం, గాజు సీసాలు తేనివ్వరు. నేను వేదిక మీద నిలబడి ఆ యువతినే చాలాసేపు గమనించాను. ఆమె చూపు మడుగు మీద నుంచి పక్కకు పోలేదు. తోటి ఉద్యోగి మాట్లాడుతుంటే తల తిప్పకుండానే జవాబిచ్చింది. అంతమంది పిల్లలు కేరింతలు కొట్టడానికి కారణం ఆ ఒక్క చూపు. ఆ కాలం దాటితే అక్కడ రక్షకులుండరు. ఎవరి ప్రాణానికి వాళ్ళే పూచీ.

ఇక ఎగువ కాపలా సంగతి. ఆ నీళ్ళు అంత చల్లగా, అంత తేటగా ఎందుకున్నాయి? ఎగువన దట్టమైన అడవి ఉంది గనక. ఆకులు రాలి, మాగి, నేల మెత్తబడి వానను తాగేస్తుంది. తాగిన నీటిని ఊటలుగా కొద్దికొద్దిగా వదులుతుంది. చెట్ల నీడ వాగు మీద పడి నీటిని వేడెక్కనివ్వదు. వేళ్ళు గట్లను పట్టుకుని మట్టిని నీళ్ళలో కలవనివ్వవు. ఆ కొండల్లోనే, కొంచెం పడమరగా, కొవీటా అనే జలపరిశోధన కేంద్రం ఉంది. అక్కడ 1934 నుంచి చిన్న చిన్న లోయల్లో వాగుల నీటిని కొలుస్తూ వస్తున్నారు. చెట్లు కొట్టి వాలు మీద పంట వేస్తే వాగు ఏమవుతుంది, కలప బండ్లకు అడ్డదిడ్డంగా దారులు తీస్తే ఎంత మట్టి నీళ్ళలో కలుస్తుంది అని లోయలవారీగా లెక్కగట్టి చూపించారు. వాగు బాగుండాలంటే వాలు బాగుండాలని అక్కడి కొలతలు చెబుతాయి.

ఆ పిస్గా అడవి ఎప్పుడూ ఇలాగే లేదు. 19వ శతాబ్దం చివరికి ఆ ప్రాంతంలో చాలాభాగం కొట్టి, కాల్చి, మేపి పాడైపోయింది. జార్జ్ వాండర్‌బిల్ట్ అనే సంపన్నుడు ఆషెవిల్ పట్నం దగ్గర బిల్ట్‌మోర్ భవనం కట్టుకుంటూ, చుట్టుపక్కల భూములు కొన్నాడు. ఆ అడవిని బాగుచేయడానికి 1892లో గిఫర్డ్ పించో అనే యువకుడిని పెట్టుకున్నాడు. 1895లో కార్ల్ షెంక్ అనే జర్మన్ అటవీ నిపుణుడు వచ్చాడు. 1898లో షెంక్ అక్కడే బిల్ట్‌మోర్ అటవీ పాఠశాల తెరిచాడు. అమెరికాలో అడవుల పెంపకం నేర్పిన మొట్టమొదటి బడి అదే. స్లైడింగ్ రాక్ నుంచి అదే రోడ్డు మీద కొద్ది మైళ్ళు ఎగువకు వెళితే ఆ బడి ఉన్నచోటును ఇప్పుడు చరిత్ర కేంద్రంగా నిలబెట్టారు.

ఆ అటవీ నిపుణులూ మొదట్లో నీళ్ళకు చెరుపు చేశారు. బిగ్ క్రీక్ అనే లోయలో కొట్టిన దుంగలను దించడానికి వాగు మీద తాత్కాలికంగా ఆనకట్టలు కట్టి, నీళ్ళు నిండాక ఒక్కసారిగా వదిలారు. ఆ ఉధృతికి వాగు గట్లు తెగిపోయాయి, దిగువ పొలాలు దెబ్బతిన్నాయి. రైతులు కోర్టుకెక్కారు. చెట్టును లెక్కచూసి కొట్టినంత మాత్రాన సరిపోదు, నీటిని కూడా లెక్కలోకి తీసుకోవాలని అలా నేర్చుకున్నారు. 1911లో అమెరికా ప్రభుత్వం వీక్స్ చట్టం చేసింది. నదుల ఎగువ భూములను కొని కాపాడటానికి ఆ చట్టం దారి వేసింది. 1914లో వాండర్‌బిల్ట్ చనిపోయాక, ఆయన భార్య ఈడిత్ 86 వేల ఎకరాలకు పైగా అడవిని ప్రభుత్వానికి అమ్మింది. 1916లో అది పిస్గా జాతీయ అటవీప్రాంతమైంది. ఈనాడు పిల్లలు జారే ఆ నీళ్ళ వెనక ఇంత పని ఉంది.

ఈ కథలో మనకు సంబంధించిన మనిషి ఒకరున్నారు. పించోకు దారి చూపించింది, షెంక్‌ను అమెరికాకు పంపించమని సిఫారసు చేసింది డీట్రిచ్ బ్రాండిస్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త. ఆయన అడవుల పని చేసింది యూరప్‌లో కాదు, మన దగ్గర. 1856లో బర్మా టేకు అడవుల అధికారిగా చేరి, 1864లో భారతదేశపు మొట్టమొదటి అటవీ ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యారు. 1883 దాకా ఆ పనిలో ఉన్నారు. డెహ్రాడూన్ అటవీ పాఠశాల ఆయన పెట్టిందే. ఆ తర్వాత జర్మనీకి తిరిగి వెళ్ళాక, ఆయన దగ్గరికి సలహా కోసం వచ్చిన కుర్రవాళ్ళలో పించో ఒకడు. ఆ పించోనే 1905లో అమెరికా అటవీ సేవా సంస్థకు మొదటి అధిపతి అయ్యాడు. స్లైడింగ్ రాక్ ఉన్న అడవి ఈ రోజు ఆ సంస్థ చేతుల్లోనే ఉంది. ఇలా మన దేశపు అడవుల్లో కూడిన అనుభవం ఆ కరోలినా కొండల్లోకి చేరింది.

అదే బ్రాండిస్ 1881లో మద్రాసు రాజధానికి వచ్చారు. అడవుల పాలన ఎలా ఉండాలో సలహాలిచ్చారు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పల్లెలకు సొంత అడవులు ఉండాలని, వంటచెరకుకూ మేతకూ జనం హక్కులను కాపాడాలని బ్రాండిస్ వాదించారు. ఆ వాదనకు దొరికిన చోటు చాలా చిన్నది. ఆచరణలో అడవి సర్కారుదైంది. తరతరాలుగా అక్కడే బతికినవాళ్ళు తమ అడవిలోనే నేరస్తులయ్యారు. గూడెం, రంప కొండల్లో పోడు కొట్టుకోవడానికి ఆంక్షలు, అడవి సరుకు తెచ్చుకోవడానికి ఆంక్షలు, వాటికి తోడు రోడ్ల పనిలో వెట్టి. ఈ బాధలన్నీ కలిసి 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో తిరుగుబాటుగా లేచాయి. 1924 మేలో ఆయనను కాల్చి చంపారు. చాపరాయి ఉన్న జిల్లాకు ఇప్పుడు ఆయన పేరే. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా ఆ జిల్లా ఏర్పడింది.

ఈ చరిత్ర నాకు నేర్పింది ఒకటుంది. అడవికి కాపలా కావాలి, నిజమే. అయితే అడవిలో ఉన్నవాళ్ళను తోసేసి పెట్టిన కాపలా నిలవదు. దానిమీద జనానికి నమ్మకం పుట్టదు.

ఇప్పుడు చాపరాయికి వద్దాం. అరకు నుంచి పాడేరు వెళ్ళే దారిలో, డుంబ్రిగుడ మండలంలో ఉంటుంది. మా ఉత్తరాంధ్రలో కొండవాగును గెడ్డ అంటాం. అక్కడ గెడ్డ విశాలమైన బండ మీద పరుచుకుని పారుతుంది. చాలాచోట్ల పిక్కలు తడిసేంతే లోతు. కార్తీక మాసంలో వనభోజనాలకు జనం బస్సుల్లో దిగుతారు. ఆ రోజుల్లో కొండవాలు మీద వలిసె పూలు పచ్చగా విరగబూసి ఉంటాయి. దారి పక్కన వెదురు బొంగులో కోడికూర కాలుస్తుంటే ఆ పొగ వాసన గెడ్డ దాకా వస్తుంది. పిల్లలు బండ మీద కూర్చుని ఒకరి వెనక ఒకరు జారుతూ ఉంటారు. ఇది కరోలినా బండకు ఏమాత్రం తీసిపోదని గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పగలను.

నేను బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో పిల్లలను అక్కడికి విహారయాత్రకు తీసుకెళ్ళేదాన్ని. అప్పుడు చూసిన ఒక మనిషిని నేను మరిచిపోలేను. దగ్గరి గూడెం నుంచి వచ్చిన నడివయసు మనిషి. మా పిల్లలు నీళ్ళలోకి దిగడం చూసి, మాట్లాడకుండా వెళ్ళి, బండ అంచున ఒకచోట గుండెల లోతు నీళ్ళలో నిలబడ్డాడు. జారి అటు వచ్చిన ప్రతి పిల్లవాడినీ చెయ్యి పట్టుకుని ఇవతలికి నెట్టాడు. "ఇక్కణ్ణుంచి అవతల గుంటుందమ్మా, పిల్లల్ని రానీకండి" అన్నాడు. మేము బయలుదేరేదాకా నీళ్ళలోంచి కదల్లేదు. ఆయనకు ఆ పని ఎవరూ అప్పజెప్పలేదు, జీతం ఎవరూ ఇవ్వలేదు. ఆ గెడ్డ ఎక్కడ లోతో, ఏ వానకు ఎలా మారుతుందో ఆయనకు తెలుసు. స్లైడింగ్ రాక్ దగ్గర ఆ యువతి చూపు చూసినప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చారు.

అలాంటి మనిషి ప్రతిరోజూ, ప్రతిచోటా ఉండరు. అందుకే ఏటా విషాదాలు వింటున్నాం. చాపరాయి దగ్గర ప్రాణాలు పోయాయి. కుంటాల జలపాతం దగ్గర పోయాయి. పోయినవాళ్ళలో ఎక్కువమంది స్నేహితులతో సరదాగా వెళ్ళిన చదువుకునే పిల్లలు. అమెరికాలో చదువుకోవడానికి వెళ్ళిన మన పిల్లలు కూడా అక్కడి జలపాతాల్లో, సరస్సుల్లో మునిగిపోయిన వార్తలు మన ఇళ్ళను కుదిపేశాయి. మన దేశంలో నీట మునిగి ఏటా 30 వేలమందికి పైగా చనిపోతున్నారని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. 2023 జూలైలో ములుగు జిల్లా ముత్యాలధార జలపాతం చూడటానికి వెళ్ళిన దాదాపు 80 మంది, తిరిగి వచ్చేదారిలో వాగు పొంగి అడవిలో చిక్కుకుపోయారు. సహాయక దళాలు రాత్రివేళ వెళ్ళి వాళ్ళను బయటికి తెచ్చాయి. అదృష్టం, ప్రాణాలతో బయటపడ్డారు.

కాబట్టి నీళ్ళ దగ్గరకు వెళ్ళేవాళ్ళకు నాలుగు మాటలు చెబుతాను. గెడ్డ దగ్గరికి వెళ్ళగానే దిగకండి. కాసేపు ఒడ్డున కూర్చుని నీళ్ళను చూడండి. నీళ్ళు ఎటు లాగుతున్నాయి, ఎక్కడ సుడి తిరుగుతోంది, బయటికి వచ్చేదారి ఎక్కడుంది అని చూసుకోండి. ఆ ఊరివాళ్ళను అడగండి. వాళ్ళు వద్దన్నచోట దిగకండి. నీళ్ళు ఉన్నట్టుండి రంగు మారి మట్టినీళ్ళయినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా వెంటనే ఒడ్డెక్కి ఎత్తయిన చోటికి పోండి. మీ నెత్తిన ఎండ కాస్తూ ఉండవచ్చు, కానీ ఎగువ కొండ మీద కుంభవృష్టి పడి ఉంటుంది. లోతు తెలియని మడుగులో తల ముందు పెట్టి దూకవద్దు. మద్యం తాగి నీళ్ళలోకి వద్దేవద్దు. ఫోటో కోసం తడిబండ అంచుకు పోవద్దు. ఎవరైనా మునిగిపోతుంటే ఈత రాకుండా వెంట దూకకండి. చీర, తువ్వాలు, కర్ర, తాడు, ఖాళీ డబ్బా, ఏది దొరికితే అది అందించండి, లేదా విసరండి. ఒకరి కోసం ఒకరు దూకి నలుగురూ పోయిన సంఘటనలు మనకు తెలుసు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. పిల్లలకు ఈత నేర్పించండి. ఆడపిల్లలకు తప్పకుండా నేర్పించండి. ఒకప్పుడు ఊరి చెరువులో, దిగుడుబావిలో తండ్రో మేనమామో సొరకాయ బుర్ర నడుముకు కట్టి నేర్పేవాళ్ళు. ఇప్పుడు ఆ బావులు పూడిపోయాయి. నీళ్ళంటే తెలియని పిల్లలు పెద్దవాళ్ళై, ఏడాదికోసారి జలపాతానికి వెళ్ళి, తెలియని నీళ్ళలో దిగుతున్నారు. బడిలో లెక్కలు ఎంత ముఖ్యమో ఈత అంత ముఖ్యమని ఒక ఉపాధ్యాయురాలిగా నేను నమ్ముతాను.

ఇక ప్రభుత్వాన్ని, పంచాయతీలను, అటవీశాఖను అడగాల్సింది ఉంది. జనం వచ్చే ప్రతి జారుడుబండ దగ్గరా, ప్రతి మడుగు దగ్గరా ఆ చుట్టుపక్కల గూడేల యువతీయువకులను గజ ఈతగాళ్ళుగా నియమించాలి. నెలనెలా జీతం ఇవ్వాలి. తాళ్ళు, తేలే రింగులు, ఈలలు ఇవ్వాలి. మునిగినవాడికి ఊపిరి ఊదే పద్ధతి, గుండె నొక్కే పద్ధతి నేర్పించాలి. గెడ్డ పొంగితే దారి మూసేసే అధికారం వాళ్ళ చేతికే ఇవ్వాలి. వాళ్ళు ఈల వేస్తే ఎంత పెద్ద ఉద్యోగి పిల్లలైనా నీళ్ళలోంచి బయటికి రావాలి. హెచ్చరిక బోర్డు ఒకటి పాతేసి చేతులు దులుపుకుంటే కుదరదు. బోర్డు నీళ్ళలోకి చెయ్యి చాపదు కదా.

ఎగువ కాపలా కూడా వాళ్ళకే అప్పజెప్పాలి. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం తమ సామాజిక అడవిని కాపాడుకునే, చూసుకునే హక్కును గ్రామసభలకు ఇచ్చింది. ఆ హక్కు కాగితం మీద ఉంటే చాలదు, గూడెం చేతికి రావాలి. అరకు కొండల మీద గిరిజన రైతులు పెద్ద చెట్ల నీడలో కాఫీ పండిస్తున్నారు. ఆ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాఫీకి నీడ కావాలి కాబట్టి వాలు మీద చెట్లు నిలుస్తాయి. చెట్లు నిలిస్తే ఊట నిలుస్తుంది. ఊట నిలిస్తే ఎండాకాలంలోనూ గెడ్డలో నీళ్ళు ఉంటాయి. మారేడుమిల్లిలో అటవీశాఖ అండతో స్థానిక గిరిజనులు యాత్రికుల విడుదులు నడుపుతున్నారు. అడవి చూడటానికి వచ్చే మనం ఇచ్చే డబ్బు అడవిని కాచేవాళ్ళ ఇంటికి చేరే పద్ధతి అది. చాపరాయి దగ్గర వసూలయ్యే ప్రతి రూపాయిలోనూ ఆ గూడేలకు వాటా ఉండాలి. మనవైపు నుంచి ఒక్క సీసా, ఒక్క పాలిథిన్ సంచి అక్కడ వదలకుండా రావాలి. పగిలిన గాజుముక్క నీళ్ళ అడుగున కనపడదు. మర్నాడు అది చెప్పుల్లేకుండా గెడ్డ దాటే గూడెం పిల్లల కాలికే గుచ్చుకుంటుంది.

కరోలినా బండ దగ్గర కాపలాకు జీతం ఉంది, తర్ఫీదు ఉంది, చట్టం అండ ఉంది. చాపరాయి దగ్గర నేను చూసిన మనిషికి తెలివి ఉంది, ఓపిక ఉంది, పరాయి పిల్లల మీద ప్రేమ ఉంది. ఆయనకు లేనివన్నీ మనం ఇవ్వగలిగినవే. వచ్చే వానాకాలం లోపు, మీ జిల్లాలో జనం దిగే గెడ్డలు, మడుగులు ఎన్నున్నాయో, ఎన్నింటి దగ్గర గజ ఈతగాళ్ళున్నారో మీ పంచాయతీనీ మీ శాసనసభ్యుణ్ణీ అడగండి. జవాబు వచ్చేదాకా అడగండి.

మీ పిల్లలు చల్లని నీళ్ళలో హాయిగా ఆడుకుని, క్షేమంగా ఇంటికి రావాలని కోరుకుంటున్నాను.